నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది?

వృషణం మెలిపడితే వ్యవధి 6 గంటలే: చీటీ మీద వేళ రాయించుకోవాలి

వికారాబాద్, తాండూరు ప్రాంతాలలోనే కాదు, ఏ పల్లెలోనైనా మగపిల్లలు బయటికి చెప్పుకోలేక దాచుకునే నొప్పి ఒకటి వుంది. ముఖ్యంగా 12 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లలలో హఠాత్తుగా ఒకవైపు వృషణంలో పోటు లేస్తుంది. అది గజ్జలలోకి, పొత్తికడుపులోకి పాకుతుంది. వాంతులు కావచ్చు. కుర్రవాడు సిగ్గుపడి కడుపునొప్పి అంటాడు. ఇంట్లో వాము నమలమంటారు, తెల్లవారిన తరువాత చూద్దామంటారు. ఆ తెల్లవారేలోపే వృషణం చెడిపోయే ప్రమాదం వుంది.

వృషణం తాడు వంటి ఒక కట్టకు వేలాడుతూ వుంటుంది. రక్తనాళాలు అందులోనే వుంటాయి. కొందరికి పుట్టుకతోనే వృషణం చుట్టూ వున్న పొరకు సరిగా అతుక్కొని వుండక, గుడిగంట నాలుక మాదిరి ఊగుతుంది. అటువంటి వారికి ఆటలోనే కాదు, నిద్రలో కూడా తాడు మెలిపడవచ్చు. బోరు పైపు మెలిపడితే నీరు ఆగినట్టే రక్తం ఆగిపోతుంది. 6 గంటల లోపల మెలి విప్పితే నూటికి 90 మందికి పైగా వృషణం దక్కుతుంది. 12 గంటలకు ఆ అవకాశం సుమారు సగానికి పడిపోతుంది. 24 గంటలు దాటితే నూటికి 10 మందికి దక్కడం కూడా కష్టమే.

లెక్క ఎక్కడి నుంచి?

ఈ గంటలు ఆసుపత్రి గడప తొక్కినప్పటి నుంచి కాదు, నొప్పి మొదలైనప్పటి నుంచి లెక్క. తికమక ఇక్కడే వస్తుంది. ఉదాహరణకు బషీరాబాద్ వైపు పల్లెలో రాత్రి 2 గంటలకు నొప్పి మొదలైందనుకుందాం. ఉదయం 5 గంటలకు తాండూరు చేరితే చీటీ మీద "3 గంటల నుంచి నొప్పి" అని రాస్తారు. అక్కడి నుంచి హైదరాబాదుకు పంపితే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 8 గంటలకు అక్కడ చీటీ చూసిన వారికి మూడు గంటల నొప్పి అనే కనిపిస్తుంది. నిజానికి అప్పటికి ఆరు గంటలు నిండిపోయాయి. "రాత్రి 2 గంటలకు మొదలైంది" అని గడియారం వేళ రాసి వుంటే ఈ పొరపాటుకు తావు లేదు.

కేసు షీటులో వైద్యులు రాయవలసినవి మరికొన్ని వున్నాయి. ఏ వైపు వృషణం, పరీక్షలో ఏమి కనిపించింది, రక్తప్రసారం తెలిపే స్కానింగు చేశారా, ఆపరేషను ఎన్ని గంటలకు మొదలైంది, తాడు ఎన్ని మెలికలు పడింది, విప్పిన తరువాత రంగు తిరిగిందా, ఉంచారా తీసేశారా, రెండవ వైపు కుట్టి నిలబెట్టారా అనేవి స్పష్టంగా వుండాలి. పుట్టుకతో వచ్చే ఈ లోపం తరచు రెండు వైపులా వుంటుంది గనుక రెండవదానికీ కుట్లు వేస్తారు. సంతకం తీసుకునే ముందే ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పవలసి వుంటుంది.

రోగానికో నంబరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి రోగానికీ ఒక నంబరు కేటాయించింది. 1893లో మరణ కారణాల జాబితాగా మొదలైన ఈ పద్ధతి 1948 నుంచి ఆ సంస్థ చేతిలో వుంది. దాని పదవ సవరణలో వృషణం మెలిపడటానికి ఎన్ 44 అని పేరు. చీము, వాపు వచ్చే వ్యాధికి ఎన్ 45. తేడా ఒక్క అంకె మాత్రమే. కాని మొదటిదానికి తక్షణం ఆపరేషను, రెండవదానికి చాలావరకు మందులు. హైదరాబాదులోని అమీర్‌పేటలో మన యువకులెందరో ఈ నంబర్ల పని నేర్చుకొని అమెరికా ఆసుపత్రుల కాగితాలు చూస్తున్నారు. వారు వైద్యుడు రాసిన దానికే నంబరు వేయాలి, ఊహించి వేయరాదు. అమెరికాలో వాడే జాబితాలో మెలిక పొర లోపలా వెలుపలా అన్నదానికి వేరు వేరు నంబర్లున్నాయి. రాయకపోతే "వివరం లేదు" అన్న నంబరే మిగులుతుంది. పైగా ఏ వైపు, ఎన్ని గంటలకు అనేవి ఆ నంబరులో వుండవు. అవి వైద్యుని రాతలోనే వుండాలి.

గ్రామస్థులు చేయవలసినవి

పిల్లవాడు కడుపునొప్పి అంటే కింద నొప్పి వుందా అని తండ్రి గాని, అన్న గాని చాటుకు పిలిచి అడగాలి. దెబ్బ తగిలిందనో, వరిబీజమనో సరిపెట్టుకోరాదు. ఊళ్లో సూది మందుతో నొప్పి అణిచి కాలం గడపరాదు. నొప్పి తగ్గినా ఊరుకోక చూపించాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక తిండి, నీరు పెట్టకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. ఆలస్యమైందని మానుకోరాదు. ఆపరేషను చేసే సర్జను ఏ ఆసుపత్రిలో వున్నారో ముందే కనుక్కుంటే మధ్యలో గంటలు పోవు.

నొప్పి మొదలైన వేళ, చివరిసారి తిన్న వేళ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. చదువు రాని వారు బడికి వెళ్లే పిల్లల చేత రాయించుకోవచ్చు. ప్రతి ఆసుపత్రిలో దానిని చూపి, చీటీ మీద ఎక్కించమని అడగాలి. అడగటంలో తప్పేమీ లేదు. భారత వైద్య మండలి 2002 నాటి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటలలో నకలు ఇవ్వాలి. డిశ్చార్జి కాగితం పిల్లవాడు పెద్దయ్యే వరకు పట్టాదారు పాసుపుస్తకంతో పాటు దాచిపెట్టడం మంచిది. ఏ వైపు ఉంచారో, ఏ వైపు కుట్టారో ముందు ముందు చూసే వైద్యునికి చెప్పేది ఆ కాగితమే.