తల అరిగిన స్క్రూ, తొందరపడని చెయ్యి

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో వానలు తెరిపి ఇవ్వగానే ఇంటింటా మరమ్మతులు మొదలవుతాయి. తలుపులు నేలకు ఒరుసుకుంటాయి, బందులు కిర్రుమంటాయి, గడియలు ఊడి వేలాడతాయి. కుందుర వైపు పల్లె ఇల్లయినా, సునాబెడ క్వార్టరయినా, జయపురంలో పాత పెంకుటిల్లయినా పని ఒక్కచోటే ఆగిపోతుంది. స్క్రూ రాదు. బలంకొద్దీ తిప్పుతాం, స్క్రూడ్రైవర్ జారుతుంది, గాడి గుండ్రంగా అరిగిపోతుంది. అక్కడితో ఆశ వదులుకోనక్కర్లేదు. చేతి పనిముట్లతోనే దాన్ని బయటికి తీయొచ్చు. అందుకు బలం కన్నా వరస ముఖ్యం. ముందు చేసే ప్రయత్నం తర్వాతి ప్రయత్నానికి చోటు మిగల్చాలి. చివర చేయాల్సిన పని మొదటే చేస్తే వెనక్కి రావడానికి దారి ఉండదు.

స్క్రూ ఎందుకు బిగుసుకుంటుందో ముందు తెలుసుకుందాం. ఇనుము తుప్పు పట్టినప్పుడు, ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఖాళీలేకుండా నిండిపోయి స్క్రూని పట్టేస్తుంది. మన కొండల్లో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ఆ నాలుగు నెలలూ చెక్క తేమ పీలుస్తూనే ఉంటుంది. వగరు ఎక్కువున్న చెక్కల్లో ఇనుప స్క్రూ చుట్టూ నల్లమచ్చ కనిపిస్తుంది. చెక్కలోని టానిన్ ఇనుముతో కలిసినందువల్ల వచ్చే మచ్చ అది. అది కనిపిస్తే లోపల తుప్పు ఉందనే అనుకోవాలి.

ఇక గాడి సంగతి. మనం స్టార్ అనే నాలుగు పాయల గాడికి అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు పొందింది 1936లో. ఆ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి. అందుకే గట్టిగా తిప్పినకొద్దీ స్క్రూడ్రైవర్ పైకి లేస్తుంది, లేచినప్పుడల్లా అంచులు చెక్కేస్తుంది. కాబట్టి తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండాలి. సైజు కూడా చూసుకోవాలి. ఇంట్లో వాడే స్క్రూల్లో చాలావాటికి 2వ నంబరు స్టార్ సరిపోతుంది, చిన్నవాటికి 1వ నంబరు కావాలి. కొన అరిగిన పాత స్క్రూడ్రైవర్‌తో మాత్రం కొత్త స్క్రూ కూడా పాడవుతుంది.

పని మొదలుపెట్టేముందు గాడిలో గడ్డకట్టిన రంగు, మట్టి సూదిమొనతో గీకి తీయండి. తలుపు బందు అయితే తలుపు కింద చెక్క సీల దూర్చి బరువు దాని మీద ఆననివ్వండి. బరువు పక్కకి లాగుతున్నంతసేపూ స్క్రూ కదలదు. ఈ ఒక్క పనితోనే వదులయ్యే స్క్రూలు చాలా ఉంటాయి. తర్వాత తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న గాడిలో స్క్రూడ్రైవర్ నిలబెట్టి సుత్తితో రెండు మూడు సార్లు నిదానంగా కొట్టండి. ఆ అదురుకి తుప్పు పగులుతుంది. విప్పే ముందు రవ్వంత బిగించే వైపు తిప్పి చూడండి. పట్టు సడలితే వెంటనే వెనక్కి తిప్పవచ్చు.

అప్పటికీ జారుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్క గాడి మీద పరిచి స్క్రూడ్రైవర్ దిగేలా నొక్కండి. మెకానిక్‌ల దగ్గర దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు ఒక చుక్క పెట్టినా గరుకు పెరిగి పట్టు దొరుకుతుంది. తల కొంచెం పైకి ఉంటే గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పడం అన్నిటికన్నా తేలిక. ఇనుముకు బిగిసిన మొండి స్క్రూలకు చేతి ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది. దాని తల మీద సుత్తితో కొడితే ఒక్క దెబ్బతోనే కొన లోపలికి నొక్కుకుంటుంది, తిరుగుతుంది కూడా. గాజు, ప్లాస్టిక్, పలచటి పోత మూతల మీద దాన్ని వాడకూడదు.

ఇవేవీ పనిచేయకపోతే హ్యాక్సా బ్లేడుతో తల మీద అడ్డంగా కొత్త గాడి కోసి, వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. ఆఖరుది చేతి డ్రిల్. తల మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట పెట్టి, స్క్రూ కాడ లావున్న బిట్‌తో తల ఊడేదాకా తొలవండి. బందు ఊడివస్తుంది, మిగిలిన కాడని ప్లయర్‌తో తిప్పి లాగవచ్చు. ఎడమ మర ఉండే ఎక్స్‌ట్రాక్టర్ కూడా దొరుకుతుంది గానీ అది పెళుసు ఉక్కు, లోపల విరిగితే తీయడం మరీ కష్టం. సుత్తి, డ్రిల్ పట్టినప్పుడు కంటికి అద్దాలు తప్పనిసరి. స్విచ్‌బోర్డు స్క్రూ అయితే ముందు మెయిన్ ఆపండి.

తీసిన చోట మళ్లీ అదే బాధ రాకూడదు. వదులైన రంధ్రంలో వెదురు పుల్ల జిగురుతో దిగ్గొట్టి, ఆరాక సమంగా కోయండి. కొత్త స్క్రూ స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి, మరలకి కొవ్వొత్తి మైనం రాయాలి. పాత రంధ్రమే బాగుంటే స్క్రూని ముందు వెనక్కి తిప్పండి. టిక్కున పాత మరలోకి దిగుతుంది, అప్పుడు బిగించండి.

సునాబెడలో మిగ్ విమానాల ఇంజిన్లు తయారుచేసిన హెచ్.ఎ.ఎల్. కర్మాగారంలో, దమంజోడి నాల్కోలో, రాయగడ కాగితం మిల్లులో మన తెలుగువాళ్లు దశాబ్దాలుగా పనిచేశారు. పనిముట్టుని ఎలా పట్టాలో వాళ్ల చేతులకి తెలుసు. ఆ నేర్పు ఉద్యోగ విరమణతో ముగిసిపోకూడదు. ఇంపాక్ట్ డ్రైవర్, గ్రిప్ ప్లయర్, చేతి డ్రిల్ ప్రతి ఇంటికీ విడివిడిగా అక్కర్లేదు. మన తెలుగు సంఘం ఒక పెట్టె కొని ఉంచి, ఏటా వానలయ్యాక ఒక ఆదివారం పిల్లలకి ఈ పనులు నేర్పితే చాలు. కొత్త తలుపుకి పెట్టే ఖర్చు మిగులుతుంది, పెద్దవాళ్ల పనితనం తర్వాతి తరానికి అందుతుంది.