యంత్రపు చూపు, మనుష్యుని కన్ను

కుమార్తె పురుటికని అమెరికాకు ప్రయాణమగు తల్లులు ఈ దినములలో మన పట్టణములలోనే గాక పల్లెలలోను ఎందరో యున్నారు. వారి పెట్టెలో ఆవకాయయు, కందిపొడియు, బాలింతకు పెట్టు కాయమును తప్పక యుండును. ఆ పెట్టె విమానాశ్రయమున యంత్రములో దూరి ఆవలికి వచ్చువరకు ఆ తల్లి గుండె పీచుపీచుమనుచుండును. అట్టి తల్లులలోనే, రొమ్ములో ఏదో గట్టిగా తగిలినదని వైద్యురాలు వ్రాసియిచ్చిన చీటీని బీరువాలో చీరల క్రింద దాచి, పరీక్షకు పోక నెలలు గడుపువారును కలరు. పరీక్ష చేయించుకొని, యంత్రము ఏమియు లేదన్నది గదా యని పిమ్మట పెరుగుచున్న గడ్డను లెక్కచేయనివారును కలరు. సోదాకును వైద్యపరీక్షకును గల చుట్టరికము మనమనుకొనుదానికంటె దగ్గరిది. అది తెలిసినచో ఈ భయమును, ఆ అతినమ్మకమును కూడ కొంత తగ్గునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1895 నవంబరులో జర్మనీదేశపు వుర్త్స్‌బర్గు పట్టణమున రాంట్జెన్ అను ఆచార్యుడు క్ష-కిరణములను కనిపెట్టెను. డిసెంబరు 22వ తేదీన తన భార్య బెర్తాను పిలిచి ఆమె చేతికి ఛాయాపటము తీసెను. మాంసము నీడవలె పలుచబడి, ఎముకలును వ్రేలి ఉంగరమును స్పష్టముగా నిలిచిన ఆ పటము లోకమంతటను ప్రసిద్ధికెక్కినది. తన ఎముకలను తానే చూచుకొన్న ఆ యిల్లాలు, చావును కన్నులార చూచినట్లయినదని బెదరెనని చెప్పుదురు. రెండేండ్లు నిండకమునుపే, 1897లో, పారిసు నగరమున సుంకపుటధికారులు ఈ కిరణములతోనే ప్రయాణికుల మూటలను పరీక్షింప మొదలిడిరి. వైద్యమును సోదాయు ఈ విషయమున కవలపిల్లలనవచ్చును.

లోహమును పసిగట్టు పరికరము కథ ఇంకను చిత్రమైనది. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డుపై ఒక దుండగుడు తుపాకి ప్రేల్చెను. గుండు దేహములో ఎక్కడనున్నదో వైద్యులకు అంతుచిక్కలేదు. టెలిఫోను నిర్మించిన అలెగ్జాండరు గ్రాహంబెల్లు, లోహము దాపునకు వచ్చినప్పుడు ధ్వనిచేయు పరికరమునొకదానిని సిద్ధపరచి తెచ్చి రోగిపై త్రిప్పి చూచెను. పరుపు క్రింది ఉక్కుచుట్టలు ఆ ధ్వనిని తారుమారు చేసినవి; గుండు దొరకలేదు. శుభ్రపరచని వ్రేళ్లతో వైద్యులు గాయమును మాటిమాటికి కెలకుటచే అది చీము పట్టి, సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. నేడు విమానాశ్రయములలోను దేవాలయ ద్వారములలోను మనము దాటిపోవు చట్రము ఆ పరికరమునకు వారసురాలే. మన గాజులను, సూత్రములను చూచి కూయుచున్న ఆ యంత్రము మొదట పుట్టినది రోగి మంచముకడనని ఎందరికి తెలియును?

క్ష-కిరణపు పటములో ఒక లోపమున్నది. ముందు వెనుకలనున్న వస్తువులన్నియు ఒకదానిపై నొకటి పడి ఒకే నీడగా కనబడును. హౌన్స్‌ఫీల్డు అను ఇంగ్లీషు ఇంజనీరు దీనికి విరుగుడు కనిపెట్టెను. కిరణములను చుట్టును త్రిప్పి అనేక కోణములనుండి చూపి, ఆ లెక్కలను కంప్యూటరుచేత కూర్పించి, దేహమును దొండకాయ చక్రముల వలె పొరపొరగా చూపు సి.టి. స్కాను ఆయన సృష్టియే. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని ఒక వైద్యశాలలో మెదడులో కంతి యున్నదని అనుమానింపబడిన యొక స్త్రీకి మొట్టమొదట దానిని ప్రయోగించిరి. 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్బీపై ఒక విమానము ప్రేలి 270 మంది మరణించిరి. పెట్టెలోని రేడియోలో ప్రేలుడు మందు దాచబడియుండెను. మామూలు నీడపటమునకు రేడియో రేడియోవలెనే కనబడును. కావున మెదడును పొరలుగా విడదీసి చూపు విద్యయే పెట్టెలకును కావలసివచ్చినది. 1994లో అట్టి యంత్రము అమెరికా ప్రభుత్వపు అంగీకారమును పొందెను.

అయితే యంత్రము వచ్చినంతమాత్రముననే ఆపద తొలగిపోవునా? లాకర్బీకి మూడేండ్ల ముందు మనదేశపు విమానము ‘కనిష్క’ గతి చూడుడు. టొరంటోలో దానికెక్కించు పెట్టెలను చూచుచున్న క్ష-కిరణ యంత్రము నడుమ చెడిపోయినది. మిగిలిన పెట్టెలచుట్టు వాసన పసిగట్టు చిన్న పరికరమును చేతబట్టి త్రిప్పిరి. అది ఒక పెట్టెయొద్ద సన్నగా కూసినదనియు, ఆ కూతకు అర్థమేమో, విన్నపిమ్మట ఏమిచేయవలెనో అక్కడివారికెవరును నేర్పలేదనియు పిమ్మటి విచారణలో తేలినది. 1985 జూన్ 23న ఐర్లండు తీరమునకు దాపున ఆకాశములోనే ప్రేలిన ఆ విమానములో 329 మంది నశించిరి. వేసవి సెలవులకు తాతగారిండ్లకు వచ్చుచున్న బిడ్డలు వారిలో ఎందరో!

ఇక అసలు విషయమునకు వత్తము. చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుట మన యిండ్లలో అందరెరిగిన పనియే. రాళ్లు మెండుగానున్న బియ్యమైనచో కన్ను చురుకుగా నుండును, ఏరినకొలది దొరకుచుండును. ఇప్పటి సంచిబియ్యములో రాయి అరుదు. చేట తరువాత చేట చూచినను ఏమియు దొరకదు. చేయి ఆడుచునే యుండును, కన్ను మాత్రము వేరేచోట నుండును. ఉన్న ఆ యొక్క రాయియే భోజనమువేళ అత్తగారి పంటిక్రింద పడును.

ఈ సంగతినే శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. బోస్టనులోని జెరెమీ వుల్ఫు మొదలగువారు 2005లో ప్రకటించిన పరీక్షలో, నూటికి ఏబది పటములలో వెదకవలసిన వస్తువున్నప్పుడు చూపరులు నూటికి 7 వంతులు మాత్రమే జారవిడిచిరి. నూటికొక్క పటములోనే యున్నప్పుడు 30 వంతులు జారవిడిచిరి. కన్నులు అవే, పటములు అట్టివే. అరుదగుట యొక్కటే భేదము. రొమ్ము పటములను చదువు వైద్యులకును ఇదే గతి యని 2013లో వెల్లడియైనది. రోగమున్న పటములు ఎక్కువగా కలిపి పరీక్షాశాలలో చూపినప్పుడు వారు నూటికి 12 కాన్సర్లను జారవిడువగా, అనుదినపు పనిలో, వందలాది నిర్దోషపు పటముల నడుమ కలిపినప్పుడు 30 జారవిడిచిరి. ఇది వారి అశ్రద్ధ కాదు, మనుష్యుని కంటి స్వభావము.

విమానాశ్రయములవారు దీనికొక ఉపాయము పన్నిరి. సోదాచేయువాని తెరపై అప్పుడప్పుడు యంత్రమే దొంగ పటమునొకదానిని, తుపాకినో బాంబునో, నిజమైన పెట్టెలో నున్నట్లే కల్పించి చూపును. వాడు పట్టుకొన్నచో మెప్పు, పట్టుకొనకున్న తిరిగి శిక్షణ. బియ్యములో తెలిసియే రెండు రాళ్లు కలిపి కోడలికిచ్చు అత్తగారి తెలివి వంటిదిది.

వైద్యమున ఇప్పుడు వేరొక సాయము వచ్చుచున్నది. స్వీడనులో రొమ్ము పటమునొక్కొక్కదానిని ఇద్దరు వైద్యులు వేరువేరుగా చదువుట ఆచారము. అక్కడ 80,000 మందికి పైగా స్త్రీలను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టు పటములను ముందు కృత్రిమ మేధ గల కంప్యూటరుచేత చదివించి, అనుమానము గలవానిని మాత్రమే ఇద్దరికి, తక్కినవానిని ఒక్కరికి చూపిరి. 2023లో ప్రకటించిన ఫలితము ప్రకారము వైద్యులు చదువు పని నూటికి 44 వంతులు తగ్గెను. పాతరీతి జట్టులో 203 మందికి కాన్సరు కనబడగా, ఈ జట్టులో 244 మందికి కనబడెను. యంత్రమునకు విసుగు లేదు గదా! అయినను తుది మాట వైద్యునిదే. అట్లే యుండవలెనని మా అభిప్రాయము.

జారవిడుచుట యొక దోషమైన, లేనిదానిని ఉన్నదనుట రెండవది. పెట్టెలను చూచు యంత్రమునకు చాక్లెట్ దిమ్మయు ప్రేలుడు మందును సాంద్రతలో దగ్గరగా తోచును. చేతికి రాచుకొను గ్లిసరిను గల లేపనము దూదిపరీక్షలో కొన్నిమార్లు అనుమానము కలిగించును. రొమ్ము పటములోను అంతే. అమెరికాలో పటము తీయించుకొన్న నూర్గురిలో సుమారు పదుగురను తిరిగి పిలుతురు. తుదకు కాన్సరని తేలునది వేయిమందిలో ఐదారుగురకు మాత్రమే. కనుక ‘మరల రండు’ అను పిలుపు మరణవార్త కాదు. పెట్టె తెరచి చూపుమనుట వంటిది. తెరచి చూపిన ఆవకాయ ఆవకాయయే యని తేలినట్లు, ఆ పిలుపులలో పెక్కు నీటితిత్తి యనియో మామూలు కండ యనియో తేలిపోవును. కాని పిలిచినప్పుడు పోకుండుట మాత్రము తగదు.

గర్భిణుల సందేహమునొకదానిని ఇక్కడనే తీర్చెదము. విమానాశ్రయపు చట్రములో నున్నవి క్ష-కిరణములు కావు, అయస్కాంత క్షేత్రమే. దానివలన కడుపులోని బిడ్డకు హానిలేదు. వైద్యశాలలోని క్ష-కిరణముల సంగతి వేరు. 1956లో ఆక్స్‌ఫర్డులోని ఆలిస్ స్టూవర్ట్ అను వైద్యురాలు, కాన్సరుతో మరణించిన బిడ్డల తల్లులను, ఆరోగ్యముగానున్న బిడ్డల తల్లులను ఒకే విధముగా ప్రశ్నింపజేసి, గర్భముతో నున్నప్పుడు పొట్టకు ఎక్స్‌రే తీసినచో ఆ ముప్పు హెచ్చునని కనిపెట్టెను. తల్లుల జ్ఞాపకములను నమ్మవచ్చునా యని పెద్ద పెద్ద వైద్యులు చాలకాలము ఆమెను త్రోసిపుచ్చిరి. తల్లుల మాటయే నెగ్గినది. కావున నెల తప్పియున్నచో, సందేహమున్నను సరే, ఎక్స్‌రే బల్ల యెక్కకముందే చెప్పవలెను.

యంత్రములు గల పెద్ద వైద్యశాలలు మన పల్లెలకు దూరము గదా యని సోదరీమణులు అడుగవచ్చును. ముంబయిలోని టాటా స్మారక వైద్యశాలవారు ఈ ప్రశ్నకే ఉత్తరము వెదకిరి. 1998 మొదలు పేదల వాడలలో లక్షన్నరకు పైగా స్త్రీలను రెండు జట్లుచేసి, ఒక జట్టువారి రొమ్ములను రెండేండ్లకొకమారు ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలచే చేతితో తాకి పరీక్షింపజేసిరి. ఈ కార్యకర్తలు వైద్యవిద్య చదివినవారు కారు. కొలది వారముల శిక్షణ పొందిన సామాన్యస్త్రీలే. 2021లో ప్రకటించిన ఫలితమునుబట్టి, ఏబదియేండ్లు దాటిన స్త్రీలలో రొమ్ము కాన్సరు మరణములు నూటికి ముప్పది వంతుల వరకు తగ్గినవి. అంతకు చిన్నవారిలో అట్టి తగ్గుదల కనబడలేదు. పరీక్షించువారును స్త్రీలే యగుటచే సిగ్గుపడి వెనుదీయువారికిది యెంతో అనుకూలము.

చిన్నవయసువారి రొమ్ములో కండ దట్టముగా నుండును. పటములో అదియు తెల్లగానే, కంతియు తెల్లగానే కనబడుటచే ఒకదానిలో నొకటి దాగుకొనును. అందుచే ‘ఏమియు లేదు’ అను కాగితము చేతిలో నున్నను, గడ్డ వ్రేళ్లకు తగులుచున్నచో, చర్మము సొట్టపడినచో, చనుమొనలనుండి నెత్తురు వచ్చినచో ఆ కాగితమును నమ్మి ఊరకుండరాదు. మరల పోయి, తగులుచున్న చోటును వ్రేలితో చూపి చెప్పవలెను. పోవునప్పుడు పాత పటములను కూడ తీసికొనిపోవలెను. మునుపటి పటమును ప్రక్కన పెట్టి చూచినప్పుడే క్రొత్తగా వచ్చినదేదో వైద్యునికి తెలియును. వానిని ఎండ తగలని చోట, పిల్లల చేతికందని అరలో, తేదీ వ్రాసిన సంచిలో భద్రపరచుకొనుడు.