పత్తికి మందు కొట్టునపుడు ప్రాణరక్షణ: చేతిఫోను చేయగల సాయము



పత్తి చేను కూడ ఫ్యాక్టరీవలె ఒక పనిచోటే. అందు మందు కొట్టు కూలివాని క్షేమము చేను గలవాని బాధ్యత.

2017వ సంవత్సరమున, పెన్‌గంగకు ఆవలనున్న యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టుచు విషము సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములలోను పైరు అదే, పురుగు అదే. కావున ఈ జాగ్రత్తలు మనకును అవసరమే.

మందు కొట్టుటకు ముందు

అక్కరలేని మందును కొట్టకుండుటయే మొదటి రక్షణ. గులాబి రంగు పురుగును కనిపెట్టుటకు చేనిలో లింగాకర్షక బుట్టలు పెట్టి, పడిన రెక్కల పురుగులను ప్రతిదినము లెక్కించవలెను. వరుసగా 3 రోజులు బుట్ట ఒక్కంటికి దినమునకు 8 చొప్పున పడినను, లేక నూటికి 10 గుడ్డిపూలు కనిపించినను మందు అవసరము. అంతకు తక్కువైనచో ఈ పురుగుకై మందు కొట్టనక్కరలేదు.

ఈ లెక్కకు ఇప్పుడు ఫోను సాయపడును. వాధ్వానీ ఏఐ సంస్థ రూపొందించిన కాటన్ ఏస్ అను యాప్, బుట్టలో పడిన పురుగుల ఫోటోను చూచి వాటిని లెక్కించి సలహా చెప్పును. వేలకొలది ఫోటోలు చూపి యంత్రమునకు పురుగును గుర్తించుట నేర్పుదురు. దీనినే కృత్రిమ మేధ అందురు. కేంద్ర ప్రభుత్వము 2024 ఆగస్టులో ప్రారంభించిన జాతీయ తెగుళ్ళ నిఘా వ్యవస్థ కూడ ఇట్లే ఫోటోనుబట్టి పురుగును గుర్తించును.

అయితే ఫోటో మసకగా నున్నచో జవాబు తప్పవచ్చును. కావున మందు కొనుటకు ముందు మీ వ్యవసాయ విస్తరణాధికారిని అడుగవలెను. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 కు మామూలు ఫోనునుండి కూడ ఉచితముగా తెలుగులో మాట్లాడవచ్చును.

మందు కొట్టునపుడు

1. డబ్బాపై చీటిని చదివి, దానిని ఫోటో తీసి ఉంచుకొనవలెను. ఎర్ర త్రికోణము అతి తీవ్రమైన విషమునకు గుర్తు. తోచినట్లు రెండు మూడు మందులు కలుపరాదు.

2. చేతి తొడుగులు, ముఖమునకు మాస్కు, కళ్ళద్దాలు, నిండు చొక్కా, బూట్లు ధరించవలెను. గాలికి ఎదురుగా కొట్టరాదు.

3. మందు కొట్టువాడు ఫోనును జేబులో ఉంచుకొనరాదు. చేతికంటిన మందు ఫోనుకు, ఫోనునుండి ముఖమునకు చేరును. ఫోను గట్టుమీద నున్న రెండవ మనిషివద్ద ఉండవలెను. ఎవరును ఒంటరిగా మందు కొట్టరాదు.

విషము సోకినచో

తలనొప్పి, కళ్ళు తిరుగుట, వాంతి, విపరీతముగా చెమట, నోట చొంగ కనిపించినచో వెంటనే పని ఆపించవలెను. మందు తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, 108 కు ఫోను చేయవలెను. బలవంతముగా వాంతి చేయించరాదు. డబ్బానుగాని, చీటి ఫోటోనుగాని డాక్టరుకు చూపవలెను. ఏ మందో తెలిసినగాని సరియైన విరుగుడు త్వరగా ఇచ్చుట కష్టము. సిగ్నలు అందని అటవీ గ్రామములలో బండిని ముందుగానే సిద్ధపరచుకొనవలెను.

ఫోను హెచ్చరించగలదేగాని మాస్కు తొడుగలేదు. పని ప్రారంభించుటకు ముందు మాస్కు, తొడుగులు లేని కూలివానికి పంపు అప్పగించకండి.