నొప్పికి మారుతాళం

కాన్సరుతో బాధపడే అత్తగారికి డాక్టరు మార్ఫిన్ రాస్తే, "అమ్మో, నల్లమందు! అలవాటైపోతుంది" అని బిళ్ళలు బీరువాలో దాచేసే ఇళ్ళున్నాయి. అదెలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది.

వంటింట్లో వేలు కాలిందనుకోండి. ఆ కబురు నరాల వెంట వెన్నుపాముకూ, అక్కణ్ణించి మెదడుకూ చేరితేనే మనకు నొప్పి తెలిసేది. ఆ దారిలోని నరాల కణాలమీద మార్ఫిన్ పట్టే తాళంకప్పల్లాంటివి ఉన్నాయని 1973లో రుజువైంది. నల్లమందు కోసం మన ఒంట్లో తాళాలెందుకు? జవాబు 1975లో దొరికింది. వాటి అసలు తాళంచెవులు మన శరీరమే తయారుచేసుకుంటుందిట! మార్ఫిన్ వాటికి మారుతాళం. అది పడగానే ఒక నరం నుంచి మరో నరానికి కబురందించే రసాయనాలు తగ్గిపోతాయి. రోగం నయంకాదు గానీ బాధ తగ్గుతుంది.

అవే తాళాలు పేగుల్లోనూ, మెదడులో ఊపిరి నడిపించే చోటా ఉన్నాయి. అందుకే మలబద్ధకం, మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. సొంతవైద్యం వద్దు, ఉన్నట్టుండి మాన్పించడమూ వద్దు. అలవాటు మాటంటారా, డాక్టరు కనిపెట్టి చూస్తూ ఇస్తే ఆ భయం తక్కువే. చెప్పిన వేళకు, చెప్పినంతే ఇవ్వండి.

ఆ పెద్దావిడ ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోతే అంతకన్నా ఏం కావాలి చెప్పండి?