బతాకుల బెరడు పుస్తకములు

మనము పలుకు 'పుస్తకము' అను మాటయే సముద్రమున కావల సుమాత్రా దీవిలో 'పుస్తహ' అయినది. ఆ దీవి ఉత్తరభాగమున, తోబా సరస్సు చుట్టునుగల కొండసీమలు బతాకుల నివాసభూములు. మనవారు తాటియాకుపై గంటముతో వ్రాయగా, వారు చెట్టు బెరడుపై సిరాతో వ్రాసిరి.

ఇందుకు పనికివచ్చిన చెట్టు 'అలిమ్'. అది అగరు జాతిది. పై మోటు బెరడును తొలగించి, లోపలి నారపట్టను పొడవుగా ఒలిచి, అంచులు సరిచేసి, నునుపు చేసెడివారు. పిదప ముందుకు వెనుకకు మడతలు పెట్టి, కొనలకు కొయ్య అట్టలు అతికించెడివారు. మడిచినచో చేత నిముడును. విప్పినచో సాగుచు పోవును. ఆంస్టర్‌డాం మ్యూజియములోని యొక పుస్తహ పొడవు 15 మీటర్లకు మించినది. అట్టపై తరచుగా బల్లిరూపము చెక్కబడి యుండును. అది భూదేవతకు గురుతు. ఆ దేవత పేరు 'బొరస్పతి'.

ఆ పేరు మనకు క్రొత్తదా? వారి వారముల పేర్లు వినుడు: ఆదిత్య, సుమ, అంగార, ముద, బొరస్పతి, సింగ్కొర, సమిసర. సోముడు, బుధుడు, బృహస్పతి, శుక్రుడు, శనైశ్చరుడు మారువేషములతో నిలిచినట్లు లేదా! వారి లిపియు మన లిపివలెనే బ్రాహ్మీ సంతతిది. 1088లోనే దక్షిణదేశపు వర్తకసంఘమొకటి అచ్చటి బరూస్ రేవుచెంత తమిళశాసనము నిలిపెను.

పుస్తహ వ్రాయువాడు 'దాతు'. వైద్యుడు, జ్యోతిష్కుడు, మాంత్రికుడు అతడే. మందులు, ముహూర్తములు, శకునములు, శత్రువులనుండి రక్షించు తంత్రములు అందలి విషయములు. గ్రంథారంభమున ఆ విద్య ఏ గురువునుండి ఏ శిష్యునకు సంక్రమించినదో పెక్కుచోట్ల చెప్పబడి యుండును.

1851 నుండి 1857 వరకు బరూస్‌లో వసించిన వాన్ డెర్ ట్యూక్ పండితుడు అనేక పుస్తహలను సేకరించెను; అవి హాలెండులోని లైడెన్ నగరము చేరినవి. 1862లో జర్మన్ మతప్రచారకుడు నోమెన్సెన్ సుమాత్రాకు వచ్చెను. క్రైస్తవము వ్యాపించినకొలది దాతువుల విద్య సన్నగిల్లెను. నేడు ప్రాచీనములైన పుస్తహలలో పెక్కు ఐరోపా భాండారములందే కలవు.

అయిన నష్టము కేవలము స్థానభ్రంశము కాదు. పుస్తహ గురుముఖమున విన్నదానిని జ్ఞప్తికి తెచ్చు టిప్పణము వంటిది. అందలి పొడిమాటలకు అర్థము చెప్పవలసినది గురువు నోరు. పండితులు నేడు అక్షరములను చదువగలరు, పట్టికలు కూర్పగలరు. కాని ఆ వాక్కు ఏ గాజుపెట్టెలోను లేదు. బెరడు నిలిచినది, బోధించు గొంతు నిలువలేదు.