మీకు తెలుసా? పిడి లేని తలుపు
1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 కారు తలుపును లోపలి నుంచి తెరవాలంటే ఓ సన్నని తీగ పట్టుకుని లాగాలి. పిడి ఉండదు! అంత ఖరీదైన కారుకు ఇదేం ఖర్మ అనుకోకండి, బరువు తగ్గించడానికి పడ్డ తంటా అది. దాని తలుపులూ ఉక్కువి కావు, కాంపోజిట్ అనే మిశ్రమ పదార్థానివి. అదే పరిమాణంలో ఉన్న ఉక్కుతో పోలిస్తే కార్బన్ ఫైబర్ కాంపోజిట్ బరువు సుమారు అయిదో వంతే.

రేసు కార్లకు విడిగా అమ్మే ఇలాంటి తేలిక తలుపుల్లో సాధారణంగా అద్దం దించే మోటారు, స్పీకర్లు ఉండవు. అసలు చిక్కు అది కాదు. పక్కనుంచి గుద్దితే కాచే ఉక్కు కడ్డీ కూడా చాలావాటిలో ఉండదు. రేసు కారులో ఆ పని రోల్ కేజ్ (లోపలి రక్షణ పంజరం) గొట్టాలు చూసుకుంటాయి. కేజ్ లేని రోడ్డు కారుకు మాత్రం ఈ తలుపులను బిగించకండి.