నలుగురిలో నోరు పెగలాలంటే కథ ఎందుకు? ఎలా?

నల్లమాడ రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే వ్యవసాయ సహాయకులు, పొదుపు సంఘాల లెక్కలు రాసే యానిమేటర్లు, బడిపంతుళ్లు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి డ్యూటీకెళ్లే కుర్రాళ్లు. చేసే పనులు వేరు కానీ వీళ్ల నుంచి వినిపించే ప్రశ్న ఒకటే. "పని బాగా వచ్చు. మీటింగులో లేచి దాని గురించి చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. టీ అంగడి కాడ అదే సంగతి గంటసేపు చెప్తా. ఎందుకిట్లా?"

సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. టీ అంగడి దగ్గర మనం చెప్పేది కథ. "నిన్న ఏమైందో తెల్సా" అని మొదలుపెడతాం. మీటింగులో అదే మనిషి నివేదిక చదువుతాడు. రెండుచోట్లా విషయం అదే, గొంతు అదే. మారింది చెప్పే పద్ధతి.

గొంతు తడారడం ఎందుకు?

ఇరవైమంది ఒక్కసారిగా మనవైపు తిరిగితే శరీరం దాన్ని ప్రమాదం కిందే లెక్కేసుకుంటుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, పల్చటి లాలాజలం తగ్గి నోరు పిడచకడుతుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. మాట నడిచేది బయటికి వదిలే ఊపిరి మీద కాబట్టి, ఊపిరి పొట్టిదైతే గొంతు వణుకుతుంది. ఇదంతా ఒంటి ధర్మం. ఏళ్ల తరబడి వేదికలెక్కినవాళ్లకీ ఇది తప్పదు.

దీనికి తోడు ఒక భ్రమ ఉంటుంది. అందరూ మన వణుకునే చూస్తున్నారని అనుకుంటాం. అమెరికాలో గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. కొందరు విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించారు, వేసుకోవడానికి సిగ్గుపడే రకం. తోటివాళ్లున్న గదిలోకి పంపించి, ఎంతమంది గమనించి ఉంటారో చెప్పమన్నారు. సగంమందైనా చూసి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగోవంతు. 2003లో సావిట్స్కీ, గిలోవిచ్ ఉపన్యాసాల మీద మరో పరిశోధన చేశారు. "నీ కంగారు నువ్వనుకున్నంతగా బయటికి కనపడదు" అని ముందే చెప్పించుకున్నవాళ్లు మిగిలినవాళ్లకంటే బాగా మాట్లాడారు.

ఆ మాట విన్నంత మాత్రాన కొందరికి ధైర్యం వస్తుంది. చాలామందికి అది సరిపోదు. వాళ్లకు ఎదుటివాళ్ల చూపు తమ మీదనుంచి నిజంగానే పక్కకు జరగాలి.

కథ ఆ చూపును ఎలా మళ్లిస్తుంది?

దీనికి దూరం వెళ్లక్కర్లేదు, ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. వాళ్లలో ఒకరైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పారదర్శకంగా తయారుచేసి, రంగులద్ది, కీళ్ల దగ్గర ముడులేసి బొమ్మలు చేస్తారు. తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టి, రామాయణమో భారతమో రాత్రంతా ఆడతారు. ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుకునే ఈ కుటుంబాలు, ఆటకు దిగితే రంగనాథ రామాయణం ద్విపదలను తెలుగులో గొంతెత్తి పాడతాయి. ఇంటి భాష ఒకటి, పని భాష ఇంకొకటి. "నాకు మంచి తెలుగు రాదు సార్, అందుకే మాట్లాడను" అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తెర ఏం చేస్తుందో ఆలోచించండి. మాట్లాడేది, పాడేది, కాలికింద చెక్కల్ని తొక్కి యుద్ధం చప్పుడు చేసేది ఒక మనిషి. జనం చూసేది హనుమంతుణ్ణి. ఉద్యోగంలో కథ చెప్పేటప్పుడు జరిగేదీ అదే. "ఆ రోజు రంగప్ప చేనుగట్టు మీద కూచుని కాయలు చితుపుతా ఉన్నాడు" అనగానే వింటున్నవాళ్ల మనసు ఆ గట్టు మీదికి పోతుంది. అప్పుడు మీ చేయి వణుకుతోందా, చీర కుచ్చిళ్లు జారాయా అని చూసే తీరిక వాళ్లకుండదు. అంతకంటే ముఖ్యంగా, మీకూ ఉండదు. మీ చూపు కూడా రంగప్ప మీదే ఉంటుంది. భయం బతికేది మనల్ని మనం చూసుకునే చూపు మీదే.

కథ జ్ఞాపకానికి కూడా సాయం చేస్తుందా?

చేస్తుంది. మాట్లాడేవాళ్ల భయాల్లో పెద్దది మధ్యలో మరచిపోతానేమో అన్నది. 1969లో బవర్, క్లార్క్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేశారు. పదేసి మాటలున్న 12 జాబితాలు ఇచ్చి గుర్తుపెట్టుకోమన్నారు. కొందరిని ఒక్కో జాబితాతో ఒక్కో కథ అల్లుకోమన్నారు, మిగిలినవాళ్లకు ఏమీ చెప్పలేదు. చివర్లో అన్నీ కలిపి అడిగితే కథ అల్లుకున్నవాళ్లు 93 శాతం మాటలు చెప్పారు, మిగిలినవాళ్లు 13 శాతం. కథలో ఒకదాని చేయి పట్టుకుని ఇంకొకటి వస్తుంది. నివేదికలో నాలుగో అంశం తర్వాత అయిదోది ఎందుకు రావాలో దానికే తెలియదు.

తోలుబొమ్మలాటవాళ్లు రాత్రంతా అచ్చుకాగితం చూడకుండా ఎలా నడుపుతారన్నదానికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పద్యాలూ పాటలూ కంఠస్థమే. వాటి మధ్య మాటలు మాత్రం ఆ రాత్రి, ఆ ఊరు, ఆ జనాన్ని బట్టి పుడతాయి. ఘట్టాల వరస తెలిస్తే చాలు. ఉద్యోగంలో చాలామంది దీన్ని తిరగేస్తారు. మాటల్ని బట్టీపడతారు, వరసను పట్టించుకోరు. అందుకే ఒక్క మాట జారితే మొత్తం కూలుతుంది.

సరే, ఎలా కట్టాలి?

ఒక పని తీసుకుని చూద్దాం. వేరుశెనగ చేనుకు జిప్సం వేయమని రైతులకు చెప్పాలి. మామూలుగా చెప్పే తీరు ఇలా ఉంటుంది: "తొలిపూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసుకోవాలి. ఇందులో 24 శాతం కాల్షియం, 18 శాతం గంధకం ఉంటాయి. కాబట్టి రైతు సోదరులందరూ..." సోదరులందరూ ఈపాటికి బీడీ వెలిగించేసి ఉంటారు. చెప్పే అమ్మాయికి అది కనపడుతుంది, గొంతు ఇంకా సన్నబడుతుంది.

ఇప్పుడు అదే సంగతి ఇంకోలా చెప్పి చూద్దాం. రంగప్పకు రెండెకరాలు అనుకుందాం. ఒక ఎకరాకు జిప్సం వేశాడు, రెండోదానికి బస్తాలు చాల్లేదు. పైరు రెండువైపులా ఒకే పచ్చగా ఉంది. చూసినవాళ్లెవరూ తేడా చెప్పలేకపోయారు. పీకేరోజు గట్టు మీద కూచుని ఒక కాయ నొక్కాడు, గింజ గట్టిగా తగిలింది. రెండో ఎకరా నుంచి ఒకటి తెచ్చి నొక్కితే పుటుక్కున చితికింది. లోపల ఏమీ లేదు. "ఆకు ఇంత పచ్చగా ఉండె కదమ్మా, కాయ ఎట్ల తాలు పోయె?" అన్నాడు.

అక్కడ ఆగాలి. మూడు క్షణాలు చాలు. వింటున్న ప్రతి రైతు మనసులోనూ ఇప్పుడు ఆ ప్రశ్నే ఉంటుంది, జవాబు కావాలనిపిస్తుంది. అప్పుడు చెప్పాలి: వేరుశెనగ కాయ భూమిలో ఉంటుంది కాబట్టి తనకు కావలసిన కాల్షియాన్ని చాలావరకు చుట్టూ ఉన్న మట్టి నుంచి తానే నేరుగా తీసుకుంటుంది. ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన కాయకు అందినట్టు కాదు. అందుకే జిప్సం మొక్క మొదట్లో, ఊడలు దిగే చోట పడాలి, మట్టి ఎగదోయాలి. ఎకరాకు 200 కిలోలు. ఈసారి ఆ అంకె గాల్లోకి పోదు, ఎవరో ఒకరు "మా అద్దెకరాకు వంద చాలునా?" అని అడుగుతారు.

ఇందులో ఏమేం ఉన్నాయో చూడండి. ఒక మనిషి, ఒక చోటు, చేతిలో ఒక వస్తువు, ఒక చిక్కు, నోటి నుంచి వచ్చిన ఒక మాట. ఇంతే సరుకు. "రంగప్ప 1975లో పుట్టాడు, వాళ్ల నాయన..." అని మొదలుపెట్టాల్సిన పని లేదు. కాయ చితికిన చోటునుంచి మొదలుపెట్టినా కథే. అంకె కథ తర్వాత రావాలి, అదీ ఒకటి, మహా అయితే రెండు.

కియా లైనులో పనిచేసే కుర్రాడికీ, బ్యాంకులో రుణాలు చూసే ఆఫీసరుకూ ఇదే చట్రం పనికొస్తుంది. బోల్టు సరిగా బిగియని సాయంత్రం ఏమైంది? వాయిదా కట్టడానికి వచ్చిన ఆమె కౌంటరు దగ్గర ఏం అడిగింది?

కథలు ఎక్కడ దొరుకుతాయి?

పనిలోనే దొరుకుతాయి, కానీ రాసిపెట్టుకోకపోతే నిలవవు. రోజూ ఇంటికెళ్లే ముందు చిన్న పుస్తకంలో ఒక వాక్యం రాసుకోండి: ఈరోజు ఎవరు ఏం అన్నారు? అన్న మాటను అన్నట్టే రాయాలి, మన భాషలోకి దిద్దకూడదు. కొన్నాళ్లకు ఆ పుస్తకం మీ సొంత బొమ్మలపెట్టె అవుతుంది. అవసరం వచ్చినప్పుడు వెతుక్కోవచ్చు.

కల్పించి చెప్పొద్దు. పైన నేను రంగప్పను కల్పించాను, కాబట్టే "అనుకుందాం" అన్నాను. రచ్చబండ మీద ఆ మాట దాచి చెప్తే, "ఏ రంగప్ప? కొండకింది రంగప్పనా, చెరువుకట్ట రంగప్పనా?" అని అడుగుతారు. ఆ ఊళ్లో మీ మాటకు విలువ ఆ రోజుతో అయిపోతుంది. జరిగినదైతే ఆ మనిషిని అడిగి చెప్పండి. అప్పు, జబ్బు, ఇంటి గొడవ ఉన్న కథయితే పేరు తీసేసినా చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అలాంటివి వదిలేయడమే మర్యాద.

ఇంకో సంగతి. ఒక చేనులో జరిగింది అన్ని చేలలోనూ జరుగుతుందనడానికి రుజువు కాదు. కథ వినేలా చేస్తుంది, అంతే. నమ్మించే పని కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్ల సిఫారసు చేయాలి. రెంటినీ కలిపి చెప్పేవాళ్లను పెద్దాఫీసర్లు కూడా తేలిగ్గా తీసేయలేరు.

నవ్వించాలా? మన యాసలో మాట్లాడొచ్చా?

తోలుబొమ్మలాటలో జనం కునికే వేళకు బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికొస్తారు. వాళ్ల మోటుహాస్యాన్ని ఆఫీసుకు తేవడం కుదరదనుకోండి. కానీ ఎప్పుడు వస్తారన్నది నేర్చుకోదగ్గది. బరువైన విషయం కాసేపు నడిచాక ఒక తేలిక మాట పడాలి. ఆ హాస్యం మీ మీద మీరు వేసుకున్నదైతే మేలు. కింది ఉద్యోగి మీద వేస్తే నవ్వుతారు గానీ తర్వాత ఎవరూ మీ దగ్గర నోరు విప్పరు.

యాస విషయంలో నా అభిప్రాయం గట్టిది. పాత్రల మాటలు సీమ యాసలోనే చెప్పండి. "యాడికి పోతివి", "ఏం జేస్తాం సామీ" అన్నచోట "ఎక్కడికి వెళ్లారు" అని దిద్దితే ఆ మనిషి చచ్చిపోతాడు. హిందూపురం, మడకశిర వైపు కన్నడం కలిసి వస్తే రానివ్వండి. సిఫారసు, తేదీ, నియమం వచ్చేచోట మామూలు వాడుక తెలుగుకు మారండి. ఈ మార్పు వల్ల ఎక్కడ కథ అయిపోయి ఎక్కడ పని మొదలైందో వినేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఎంతసేపు చెప్పాలి?

రెండు నిమిషాలు. పెద్దాఫీసరు ఉంటే ఒకటి. పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యుల గురించి సాహిత్యలోకం చెప్పుకునే ముచ్చట ఒకటుంది. చిన్నవయసులో ఆయన రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యమే తర్వాత ఆయన కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకమైందట. దానిమీద అడిగిన ఒక్క ప్రశ్నకే రాస్తూ పోయి, మిగతావాటికి సమయం చాలక పరీక్ష తప్పారట. విషయం ఎక్కువ తెలిసినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. తెలిసిందంతా చెప్పాలనిపిస్తుంది. ఒక మీటింగుకు ఒక కథ, ఒక కథకు ఒక చిక్కు.

సాధన ఎలా?

అద్దం ముందు మాత్రం వద్దు. అద్దం మన చూపును మళ్లీ మన ముఖం మీదికే తెస్తుంది, మనం తప్పించుకోవాలనుకున్నది దాన్నే. మనుషులకు చెప్పండి. ఇంట్లో ఒకరికి, మరునాడు తోటి ఉద్యోగికి, ఆ తర్వాత పదిమంది ఉన్న సంఘం మీటింగులో. అదే కథ. ప్రతిసారీ మాటలు మారతాయి, మారాలి కూడా. ఎక్కడ తల ఎత్తారో, ఎక్కడ ఫోను తీశారో చూసుకుని, ఫోను తీసిన చోట కత్తిరించండి. మండల స్థాయి సమావేశానికి వెళ్లేసరికి అది మీకు పాతకథ, వాళ్లకు కొత్తది.

కంఠస్థం చేయాల్సింది రెండే వాక్యాలు: మొదటిది, చివరిది. మొదటిది చెప్పేముందు నెమ్మదిగా ఊపిరి పూర్తిగా వదలండి. భయపడ్డప్పుడు మనం పీల్చుకుంటూనే ఉంటాం, వదలడం మరచిపోతాం.

అయినా మధ్యలో మరచిపోతే?

మరచిపోతారు. ఆగి, నీళ్లు తాగి, ఎదురుగా ఉన్నవాళ్లనే అడగండి: "యాడున్నాం మనం?" నివేదిక చదువుతుంటే ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. కథయితే ముందు వరసలో ఎవరో ఒకరు, "కాయ చితికిపాయె, ఆ రైతు ఏందో అడిగినాడు" అని అందిస్తారు. అక్కడినుంచి ఎత్తుకోవచ్చు.